అమ్మ నెమ్ము అంది, నేను గోడ చూశాను

ఈ నెల మన మాట ‘నెమ్ము’. చదవడం ఆపి ఒకసారి పైకి అనండి. నెమ్ము. ‘మ’ కింద ఇంకో ‘మ’ ఉంది కదా, దాన్ని ఒత్తి పలకండి.

ఈ మాట గుడి క్లాసులో నేను నేర్చుకోలేదు. డర్బన్‌లో శనివారం మధ్యాహ్నాలు, గుడి వెనక హాల్లో, మడత కుర్చీల మీద కూర్చుని నేర్చుకున్న తెలుగు నాది. ఆ తెలుగులో దేవుళ్ళు ఉన్నారు, రాజులు ఉన్నారు, పళ్ళూ పువ్వులూ ఉన్నాయి. జబ్బులు మాత్రం లేవు. మా వాచకంలో ఎవరికీ దగ్గు రాలేదు, ఎవరికీ ఆయాసం రాలేదు. మీరు కూడా నాలాగే నేర్చుకుని ఉంటే మీ దగ్గరా ఈ మాటలు తక్కువే ఉంటాయి. ఈ నెల అవే నేర్చుకుందాం. ఎందుకో చెబుతాను.

పోయిన జూలైలో బడికి సెలవులు ఇచ్చాక మా అమ్మను డర్బన్ నుంచి షార్జాకు తెచ్చుకున్నాను. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. చెరకు తోటల పక్కన ఇంట్లో, వాళ్ళ అమ్మమ్మ దగ్గర విని నేర్చుకున్న తెలుగు ఆమెది. చదవడం రాదు, రాయడం రాదు. కానీ నాకు తెలియని మాటలు ఆమెకు చాలా తెలుసు.

ఇక్కడ జూలైలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. బయట పనిచేసేవాళ్ళు జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపాలని ప్రభుత్వ నియమం ఉంది. బడిలో మేము పిల్లలకు రోజూ చెప్పే మాట ఒకటే: నీళ్ళు తాగండి. అదే మాట అమ్మకూ చెప్పాను. గంటకో గ్లాసు ఇచ్చాను. “వద్దే, కడుపు నిండిపోయింది” అన్నా వినలేదు. అన్నంలోకి ఆవకాయ అడిగితే వేశాను. అమ్మను బాగా చూసుకుంటున్నాను అనుకున్నాను.

మూడో వారంలో ఒక రాత్రి రెండు గంటలకు లేచి చూస్తే అమ్మ సోఫాలో కూర్చుని ఉంది.

“ఏమైందమ్మా?” అన్నాను.

“నెమ్ము చేసిందే. పడుకోలేకపోతున్నా” అంది.

నేను వెళ్ళి నిఘంటువు తీశాను. నెమ్ము అంటే తేమ, చెమ్మ అని ఉంది. ఏసీ కింద గోడ తడిమి చూశాను. నిజంగానే చెమ్మగా ఉంది. అందుకే అమ్మకు నిద్ర పట్టడం లేదనుకున్నాను. ఏసీ తగ్గించాను. ఇంకో తలగడ ఇచ్చాను. ఇంకో గ్లాసు నీళ్ళు కూడా ఇచ్చాను. మర్నాడు ఏసీ మెకానిక్‌ను పిలిచి గోడ చూపించాను.

తెలుగు ఇళ్ళల్లో ‘నెమ్ము చేసింది’ అంటే ఊపిరితిత్తులకు తడి చేరిందని అర్థం. అమ్మ తన ఛాతీ సంగతి చెప్పింది. నేను గోడ చూశాను.

నాలుగో రోజు తెల్లవారుజామున అమ్మ ఒక్క వాక్యం కూడా పూర్తిగా చెప్పలేకపోయింది. రెండు మాటలు, ఒక ఊపిరి. మళ్ళీ రెండు మాటలు, ఒక ఊపిరి. నేను 998కి ఫోన్ చేశాను. ఈ దేశంలో అంబులెన్సు నంబరు అది. ఇక్కడ ఉన్నవాళ్ళు ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

ఆసుపత్రిలో మాకు దొరికిన నర్సు కాకినాడ వైపు అమ్మాయి. అమ్మ ముఖానికి ఆక్సిజన్ పెట్టి, చెవి దగ్గర వంగి అడిగింది: “మామ్మగారూ, రాత్రిపూట ఎన్ని దిళ్ళు పెట్టుకుంటున్నారు?”

అమ్మకు ‘దిళ్ళు’ అర్థం కాలేదు. మా ఇంట్లో అది తలగడ. “తలగడలమ్మా, ఎన్ని?” అన్నాను. అమ్మ మూడు వేళ్ళు చూపించింది. షార్జా వచ్చినప్పుడు ఒకటి, తరవాత రెండు, ఇప్పుడు మూడు. ఆ మూడో తలగడ నేను ఇచ్చిందే. నర్సు ఆ అంకె కాగితం మీద రాసుకుంది.

తలగడలు లెక్కపెట్టడం ఏమిటి అని నాకు వింతగా అనిపించింది. తరవాత డాక్టరుగారు చెప్పారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమో చూడడానికి అన్నిటికంటే ముందు వేసే లెక్క అదే. పడుకుంటే కాళ్ళల్లోని రక్తం, నీరు ఛాతీ వైపు వస్తాయి, ఆయాసం పెరుగుతుంది. కూర్చుంటే తగ్గుతుంది. అందుకే మనిషి తెలియకుండానే తలగడలు పెంచుకుంటూ పోతాడు.

ఇక్కడ ఒక మాట విడదీసి చూద్దాం. ఊపిరితిత్తి. ఊపిరి మీకు తెలుసు. తిత్తి అంటే తోలు సంచి. కమ్మరి కొలిమి దగ్గర గాలి ఊదే సంచిని కూడా తిత్తి అంటారు. కాబట్టి ఊపిరితిత్తి అంటే ఊపిరి సంచి. కానీ లోపల అది ఒకే సంచి కాదు. కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి బుడగలు, వాటి చుట్టూ చాలా సన్నని రక్తనాళాలు. ఆ నాళాల నుంచి కొంచెం తడి ఎప్పుడూ బయటికి వస్తూనే ఉంటుంది, శరీరం దాన్ని తీసేస్తూనే ఉంటుంది.

అమ్మ గుండె బలహీనపడింది. బడి వదిలాక బస్సు కదలకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. పిల్లల వరస గేటు నుంచి వరండా దాకా, వరండా నుంచి క్లాసు దాకా వెనక్కి పెరుగుతుంది. గుండె ఎడమ వైపు రక్తాన్ని ముందుకు తోయలేకపోతే అలాగే వరస వెనక్కి పెరుగుతుంది. గుండెకు వెనక ఉన్నవి ఊపిరితిత్తులే. అక్కడ ఒత్తిడి పెరిగి, నీరు నాళాల్లోంచి బుడగల వైపు ఊరుతుంది. ఉప్పు ఎక్కువ తింటే శరీరం నీటిని పట్టి ఉంచుకుంటుంది. నా గ్లాసులూ నా ఆవకాయా ఎక్కడికి వెళ్ళాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

డాక్టరుగారు అమ్మ వీపు మీద ఒక వేలు ఆనించి, ఇంకో వేలితో దాని మీద కొట్టారు. టక్, టక్. ఈ పద్ధతిని 1761లో వియన్నాలో లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు పుస్తకంగా రాశాడు. ఆయన తండ్రికి సత్రం ఉండేది. పీపాను తట్టి, చప్పుడు మారే చోటును బట్టి లోపల ఎంత వరకు నిండి ఉందో చెప్పడం చిన్నప్పుడే చూశాడంటారు. గాలి ఉన్న చోట బోలుగా మోగుతుంది, నీరు ఉన్న చోట మొద్దుగా మోగుతుంది. ఈ తట్టడం ఊపిరితిత్తి బయట, దాని చుట్టూ ఉన్న పొరలో చేరిన నీటిని బాగా చెబుతుంది. ఆ నీటిని సూదితో తీయవచ్చు. లోపల, స్పాంజిలో తడిలాగా చేరిన నీటిని సూదితో తీయలేరు. అది రక్తంలోకి తిరిగి వచ్చి, మూత్రంగా పోవాలి. అమ్మది ఆ రెండో రకం. మన పెద్దవాళ్ళు ఈ రెండిటినీ, న్యుమోనియానూ కలిపి నెమ్ము అనే అంటారు. వేరు చేసి చెప్పడం డాక్టరు పని.

తరవాత స్టెతస్కోపు. 1816లో పారిస్‌లో లెన్నెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి, రోగి ఛాతీ మీద పెట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. నీరు చేరిన ఊపిరితిత్తి ఎలా వినిపిస్తుందో మీరు ఇప్పుడే వినవచ్చు. చెవి పక్కన కొన్ని వెంట్రుకలను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని రుద్దండి. చిటచిట అని వస్తుంది కదా? దాదాపు అదే. అమ్మ వీపు కింది భాగంలో రెండు వైపులా ఆ చిటచిటలు ఉన్నాయన్నారు. ఆస్తమాలో వచ్చే ఈల లాంటి చప్పుడు వేరు. దాన్ని తెలుగులో పిల్లికూతలు అంటారు. ఎంత ముద్దుగా ఉందో చూడండి ఆ మాట. ఒక్కోసారి నీరు చేరినా పిల్లికూతలు వస్తాయి. అందుకే చెవి ఒక్కటే చాలదు.

ఎక్స్-రే తీశారు. గాలి నల్లగా, నీరు తెల్లగా కనిపిస్తుంది. అమ్మ ఊపిరితిత్తులు కింద పొగమంచు పట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కానీ ఎక్స్-రేకు ఒక లోపం ఉంది. నీరు కొంత ఎక్కువగా చేరితే గానీ అందులో స్పష్టంగా తెలియదు.

అప్పుడు ఒక చిన్న అల్ట్రాసౌండ్ మిషన్‌ను మంచం దగ్గరికే తోసుకొచ్చారు. కడుపులో బిడ్డను చూసే స్కానింగే. ఛాతీ మీద జెల్ రాసి, పక్కటెముకల మధ్య ఆనించారు. చాలాకాలం పాటు ఊపిరితిత్తులకు ఈ స్కానింగు పనికిరాదనుకునేవారు. ఎందుకంటే గాలి తగలగానే ఆ ధ్వని వెనక్కి తిరిగి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి మీద అడ్డగీతలు మాత్రమే కనిపిస్తాయి. గాలి పక్కన నీరు చేరితే మాత్రం పైనుంచి కిందికి, టార్చి వెలుగులా తెల్లటి నిలువు గీతలు పడతాయి. ఫ్రాన్స్‌లో డేనియల్ లిష్టెన్‌స్టైన్ అనే వైద్యుడు 1997లో వీటి గురించి రాశాడు. వాటికి ఆయన వాడిన పేరు తోకచుక్క తోక. ఇప్పుడు డాక్టర్లు వాటిని బీ-లైన్లు అంటున్నారు. ఒక్క చోట మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ కనిపిస్తే అక్కడ తడి ఎక్కువని అర్థం. ఛాతీ మీద 28 చోట్ల చూసి, గీతలన్నీ లెక్కపెట్టి కూడే పద్ధతి కూడా ఉంది.

డాక్టరుగారు తెర నా వైపు తిప్పారు. నేను పైకి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పాతికేళ్ళుగా పిల్లల చేత అంకెలు చెప్పిస్తున్నాను. ఎప్పుడూ గొంతు అలా వణకలేదు.

“అంటే ఎన్ని మిల్లీలీటర్లు?” అని అడిగాను. టీచరును కదా, అంకె కావాలి.

ఆయన నవ్వి, ఈ గీతలు ఎక్కువా తక్కువా మాత్రమే చెబుతాయి, మిల్లీలీటర్లు చెప్పవు అన్నారు. మిల్లీలీటర్లలో కొలిచే పద్ధతి ఒకటి ఉంది. ఐసీయూలో చాలా జబ్బుగా ఉన్నవాళ్ళకు మాత్రమే చేస్తారు. గుండెకు దగ్గరగా ఉన్న పెద్ద సిరలోకి చల్లని సెలైన్ కొంచెం ఎక్కిస్తారు. అది గుండె గుండా, ఊపిరితిత్తుల గుండా వెళ్ళి, తొడ దగ్గరి ధమనికి చేరుతుంది. అక్కడ ఉన్న సన్నని థర్మామీటరు, రక్తం ఎంత చల్లబడింది, ఎంతసేపట్లో మళ్ళీ వెచ్చబడింది అని చూస్తుంది. దారిలో నీరు ఎక్కువ ఉంటే ఆ చలువ ఎక్కువ చోటికి పంచుకుపోతుంది. దాన్నిబట్టి కంప్యూటరు లెక్క వేస్తుంది. మామూలుగా కిలో బరువుకు 7 మిల్లీలీటర్లు, అటూ ఇటూగా ఉంటుంది. 10 దాటితే నీరు చేరినట్టు. ఇక్కడ బరువంటే మనిషి ఎత్తును బట్టి ఉండవలసిన బరువు.

మా అమ్మ ఎత్తుకు ఆ బరువు 50 కిలోలు. లెక్క చేద్దాం. ఏడు యాభైలు 350. పది యాభైలు 500. తేడా 150 మిల్లీలీటర్లు. ఒక చిన్న టీ కప్పు. రెండు ఊపిరితిత్తులకూ కలిపి, బాగుండడానికీ బాగుండకపోవడానికీ మధ్య అంతే తేడా. ఆ రాత్రి నేను అమ్మకు ఇచ్చిన గ్లాసు అంతకంటే పెద్దది. తాగిన నీరంతా ఊపిరితిత్తులకే పోదని నాకు తెలుసు. అయినా ఆ గ్లాసు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంటుంది.

ఒక రక్తపరీక్ష కూడా చేశారు. బీఎన్‌పీ అనే దాన్ని చూస్తారు. అది నీటిని కొలవదు, గుండె ఎంత సాగి కష్టపడుతోందో చెబుతుంది. వేలికి పెట్టే ఆక్సిమీటరు కూడా నీటిని కొలవదు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. ఆ అంకె బాగుంది కదా అని ఆయాసాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఊపిరితిత్తుల ధమనిలో చిన్న సెన్సరు అమర్చి, ఇంటి నుంచే ఒత్తిడి చూసే పరికరానికి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది కొందరికి మాత్రమే పెడతారు.

అమ్మకు ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నీరు మూత్రంగా పోవడానికి మందు అది. మూడు రోజుల్లో మూడు కిలోల బరువు తగ్గింది. లీటరు నీరు కిలో బరువు కాబట్టి, దాదాపు మూడు లీటర్లు. కాళ్ళ వాపు పోయింది, చిటచిటలు పోయాయి. నాలుగో రాత్రి ఒక్క తలగడ మీద పడుకుంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఏ పెద్ద మిషనూ రాసివ్వలేదు. బాత్రూములో పెట్టుకునే బరువు మిషన్ కొనమన్నారు. పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చి, ఏమీ తినకముందు, రోజూ ఒకే రకం బట్టలతో ఎక్కి, అంకె రాసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి. కొవ్వు అంత తొందరగా పెరగదు, అది నీరే. రోజుకు మొత్తం ఒకటిన్నర లీటరు నీళ్ళు, అందులోనే టీ, మజ్జిగ, చారు. ఆవకాయ బంద్. ఈ అంకెలు మా అమ్మకు చెప్పినవి. మీ ఇంట్లో గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఉంటే ఎన్ని నీళ్ళు తాగాలో వాళ్ళ డాక్టరునే అడగండి. ఈ ఎండలో అందరూ “తాగండి, తాగండి” అంటారు. అందరికీ ఒకే కొలత కాదని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

వారం తరవాత చెకప్‌కు వెళ్ళినప్పుడు బయట కుర్చీల్లో ఒకాయన మా తెలుగు విని పలకరించాడు. సోంపేట దగ్గర పల్లె. ఇక్కడ కట్టడం పనికి వచ్చి, ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. శ్రీకాకుళం జిల్లాలో ఆ ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. అక్కడ ఎంతోమందికి కిడ్నీలు పాడవుతున్నాయి, అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. మన ముత్తాతల ఓడ కాగితాల్లో గంజాం జిల్లా అని చూసినవాళ్ళు మీలో ఉంటారు. ఉద్దానం ఆ రోజుల్లో గంజాం జిల్లాలోనే ఉండేది.

కిడ్నీలు పనిచేయకపోతే నీరు బయటికి పోదు. అదీ ఊపిరితిత్తులకే చేరుతుంది. అతన్ని డయాలసిస్‌కు ముందు ఒకసారి, తరవాత ఒకసారి తూస్తారు. అదనపు నీరంతా పోయాక ఉండవలసిన బరువును డ్రై వెయిట్ అంటారు. “నాది అరవై రెండమ్మా. దాటితే రాత్రి నెమ్మొచ్చేస్తది” అన్నాడు.

అమ్మ నా వైపు తిరిగి చూసింది. “విన్నావా?” అంది. అంతే.

అమ్మ ఇప్పుడు డర్బన్‌లో ఉంది. రోజూ పొద్దున ఫోన్ చేసి బరువు చెబుతుంది, తెలుగులోనే. “యాభై అయిదున్నర” అంటుంది. నేను నోటుపుస్తకంలో రాస్తాను. పోయిన నెలలో ఒకసారి “యాభై ఎనిమిది” అంది. రెండు రోజుల కిందట యాభై అయిదున్నరే. “తలగడలు ఎన్నమ్మా?” అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత “రెండు” అంది. అదే రోజు మా తమ్ముడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మందు పెంచారు. ఆసుపత్రిలో చేర్చవలసిన అవసరం రాలేదు.

ఈ నెల మాటలు రాసుకోండి. నెమ్ము: తడి, ఊపిరితిత్తుల్లో చేరే నీరు. ఆయాసం: ఊపిరి చాలకపోవడం. వాపు: కాళ్ళు ఉబ్బడం. పిల్లికూతలు: ఛాతీలో ఈల చప్పుడు. తలగడ, దిండు: రెండూ ఒకటే, ఊరిని బట్టి మాట మారుతుంది.

ఇంటిపని కూడా ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోన్ చేసి ఈ మూడు ప్రశ్నలు తెలుగులో అడగండి. రాత్రి ఎన్ని తలగడలు పెట్టుకుంటున్నారు? మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? సాయంత్రానికి కాళ్ళు వాస్తున్నాయా? వాళ్ళు చెప్పే జవాబులో మీకు తెలియని మాట వస్తే నిఘంటువు తరవాత చూడవచ్చు. ముందు “అంటే ఏమిటి? ఎక్కడ?” అని వాళ్ళనే అడగండి.

వచ్చే నెల వంటింటి మాటలు చూద్దాం. ఉంటాను.